డెక్సామెథాసోన్ సోడియం ఫాస్ఫేట్ వర్కింగ్ స్టాండర్డ్: వానాకాలంలో అస్సే ఎందుకు పైకి జరుగుతోంది?

బరంపురం క్యూసీ:

అందరికీ నమస్కారం. బరంపురంలో చిన్న టెస్టింగ్ ల్యాబ్ మాది. డెక్సామెథాసోన్ సోడియం ఫాస్ఫేట్ (ఒక స్టెరాయిడ్ మందు) ఇంజెక్షన్ అస్సే, అంటే అందులో మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష, హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రొమాటోగ్రఫీ) మీద చేస్తున్నాం. లేబుల్ మీద మి.లీ.కి డెక్సామెథాసోన్ ఫాస్ఫేట్ 4 మి.గ్రా.కు సమానం అని ఉంటుంది. ఒకే బ్యాచ్ రిటెన్షన్ శాంపిల్‌ని (దాచిపెట్టిన నమూనాని) కంట్రోల్‌గా పెట్టుకుని మధ్యమధ్యలో నడుపుతున్నాం. దాని విలువలు చూడండి: ఏప్రిల్‌లో 99.1 శాతం, జూన్ ఆఖరుకి 100.9, ఈ ఆగస్టులో 102.3. సీలు తీయని వయల్‌లో మందు పెరగదు కదా.

సిస్టమ్ వైపు చూస్తే అంతా బాగానే ఉంది. స్టాండర్డ్ ఐదు ఇంజెక్షన్లకి ఆర్‌ఎస్‌డీ (విలువల మధ్య చెదురు) 0.4 శాతం, టెయిలింగ్ (పీక్ తోక) 1.2, రిటెన్షన్ టైమ్ (పీక్ వచ్చే సమయం) కదలడం లేదు. వర్కింగ్ స్టాండర్డ్ (శాంపిల్‌ని పోల్చి చూసే, మందు శాతం తెలిసిన పొడి) 10 గ్రాముల యాంబర్ సీసాలో ఉంది. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) స్టాండర్డ్‌తో పోల్చి ఇచ్చిన పొటెన్సీ (అసలు మందు శాతం) 98.6 శాతం, అన్‌హైడ్రస్ బేసిస్ మీద, అంటే నీళ్ళు తీసేసిన లెక్కలో. మార్చిలో సీసా తెరిచినప్పుడు కార్ల్ ఫిషర్ (నీళ్ళ శాతం కొలిచే పరీక్ష) నీళ్ళు 6.4 శాతం వచ్చాయి, లెక్కల్లో ఆ అంకే వాడుతున్నాం. సీసా ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల్లో, జిప్ కవర్‌లో సిలికా జెల్ ప్యాకెట్‌తో ఉంటుంది. ఐదు దశాంశాల బ్యాలెన్స్ మీద 20 మి.గ్రా. తూచి 100 మి.లీ.కి చేస్తాం.

అడగాలనుకున్నవి: తేడా స్టాండర్డ్‌లోనేనా, ఇంకెక్కడైనా చూడాలా? వాడే ముందు 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూస్తే సరిపోతుందా? లేక రోజువారీ పనికి కూడా ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) రిఫరెన్స్ సబ్‌స్టెన్సే కొనుక్కోవాలా?

పర్లాకిమిడి అనలిస్ట్:

సార్, ఐదు ఇంజెక్షన్లకి ఆర్‌ఎస్‌డీ 0.4 వస్తోందంటే పంపు, ఇంజెక్టర్ల మీద అనుమానం పక్కన పెట్టేయండి. వాటిలో లోపముంటే ఏరియాలు అటూ ఇటూ ఊగుతాయి, నెలనెలా ఒకే దిక్కుకి జరగవు. కాలమ్ పాడైనా శాంపిల్‌కీ స్టాండర్డ్‌కీ ఒకే రకంగా పాడవుతుంది. ఇలా మెల్లగా పైకి పోతోందంటే సీసాలో ఉన్న పొడి మారుతోంది, మీ లెక్కలో అంకె మాత్రం మార్చిలోనే ఆగిపోయింది. స్టాండర్డ్‌లో అసలు మందు తగ్గితే, దాంతో పోల్చిన శాంపిల్ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది.

మీ అంకెల్నే వెనక్కి తిప్పి చూడండి. 99.1 నుంచి 102.3కి పోవాలంటే స్టాండర్డ్‌లో నిజంగా ఉన్న మందు ఎంత తగ్గాలి? మార్చిలో నీళ్ళు పోగా 93.6 శాతం. దాన్ని 99.1తో గుణించి 102.3తో భాగిస్తే 90.7 వస్తుంది. అంటే నీళ్ళు 9.3 శాతానికి చేరి ఉండాలి. ఈ సోడియం ఉప్పుకి అది పెద్ద విషయమేం కాదు. యూరోపియన్ ఫార్మకోపియా దీన్ని చాలా హైగ్రోస్కోపిక్ (తేమ లాగేది) అనే వర్గంలోనే పెట్టింది. ఇవాళే ఆ సీసా నుంచి కార్ల్ ఫిషర్ చేయండి. 9.3 దరిదాపుల్లో వస్తే దొంగ దొరికినట్టే. రాకపోతే స్టాండర్డ్ క్రొమాటోగ్రామ్‌లో, మెయిన్ పీక్ వెనకాల, ఫ్రీ డెక్సామెథాసోన్ పీక్ పెరిగిందేమో ఏప్రిల్ నాటి దాంతో పక్కపక్కన పెట్టి చూడండి. ఫాస్ఫేట్ ఎస్టర్ తెగితే వచ్చేది అదే. పొటెన్సీ దానివల్ల కూడా తగ్గుతుంది.

నీళ్ళు ఎలా ఎక్కాయంటే, ఫ్రిజ్ నుంచి తీసి వెంటనే మూత తిప్పడం వల్లే ఎక్కువగా. గది 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకోండి, మంచుబిందువు (గాలిలో తేమ నీరుగా మారే వేడి) 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. 5 డిగ్రీల సీసా మూత తీసిన క్షణంలో లోపలి గోడ మీద, పొడి మీద నీరు పడుతుంది. గోపాలపురం గాలి తగిలే ఊర్లో ఆగస్టులో ఏసీ ఉన్న గది కూడా ఇందుకు మినహాయింపు కాదు. సీసాని మూత తీయకుండా డెసికేటర్‌లో (తేమ లేని మూత పాత్రలో) పెట్టి గది వేడికి రానివ్వాలి. 10 గ్రాముల సీసాకి గంట పడుతుంది, చిన్న వయల్‌కి అరగంట చాలు. చేత్తో పట్టుకుంటే చల్లదనం తెలుస్తోందంటే ఇంకా టైమ్ కాలేదన్నమాట.

ఆ సిలికా జెల్ ప్యాకెట్ మీద కూడా భరోసా పెట్టుకోవద్దు. రోజుకి పదిసార్లు తెరిచే కవర్‌లో అది వారానికే నిండిపోతుంది. రంగు మారే రకం వాడండి, నీలం పోయి గులాబీ రంగు వస్తే 120 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ పెట్టండి. ఇంకో సంగతి, మూత వదులుగా ఉన్న సీసాని గట్టి డెసికెంట్ మీద ఉంచితే నీళ్ళు 6.4 కంటే కిందికి కూడా పోతాయి, అప్పుడు అస్సే తక్కువ చూపిస్తుంది. మనకు కావలసింది నీళ్ళు మారకుండా ఉండటం, మూత బిగుతే దానికి ఆధారం.

కార్ల్ ఫిషర్‌లో ఒక జాగ్రత్త. నీళ్ళ కోసం తూచే పొడీ, అస్సే కోసం తూచే పొడీ ఒకే సీసా నుంచి, ఒకే గంటలో తీయాలి. వాల్యుమెట్రిక్ (రీఏజెంట్ ఎంత ఖర్చయిందో చూసే రకం) అయితే 150 మి.గ్రా. తీసుకోండి. 9 శాతం దగ్గర 13.5 మి.గ్రా. నీళ్ళు, మి.లీ.కి 5 మి.గ్రా. ఫ్యాక్టర్ ఉన్న రీఏజెంట్‌కి 2.7 మి.లీ. ఖర్చు, బ్యూరెట్ చదవడానికి సరిపోతుంది. కూలోమెట్రిక్ (కరెంటుతో కొలిచే రకం) ఉంటే 20 మి.గ్రా. చాలు. పొడిని కాగితం మీద తూచి మోసుకెళ్ళొద్దు, ఆ దారిలోనే తేమ ఎక్కుతుంది. మూత ఉన్న వెయింగ్ బాటిల్‌లో తూచి, పాత్రలో పోసి, ఖాళీ బాటిల్ మళ్ళీ తూచి తేడా తీసుకోండి. రీఏజెంట్ ఫ్యాక్టర్ ఆ రోజే డైసోడియం టార్ట్రేట్ డైహైడ్రేట్‌తో సరిచూడండి, దాన్లో నీళ్ళు 15.66 శాతం.

105 డిగ్రీల మాట. వద్దు సార్. ఆరబెట్టాలా, అలాగే వాడాలా, వాడేనాటి నీళ్ళు కొలవాలా అన్నది స్టాండర్డ్ లేబుల్ మీద రాసి ఉంటుంది. ఒక్కో పదార్థానికి ఒక్కో తీరు, మనం మార్చకూడదు. ఆరబెట్టమని రాసి ఉన్న ప్రెడ్నిసొలోన్ లాంటివైతే, కావలసిన కాస్త భాగాన్ని వేరే వెయింగ్ బాటిల్‌లో తీసి ఆరబెట్టి, మిగిలింది పారేయాలి. తిరిగి సీసాలో కలపకూడదు. ఫాస్ఫేట్ ఉప్పుని ఆరబెడితే మరింత ఆత్రంగా తేమ లాగుతుంది, బ్యాలెన్స్ మీద ఆఖరి అంకె నిలబడదు. దానికి తోడు ఈ పదార్థంలో నీళ్ళతో పాటు తయారీలో మిగిలిన ఇథనాల్ కూడా ఉండొచ్చు. ఆరబెడితే రెండూ కలిసి పోతాయి, కార్ల్ ఫిషర్ నీళ్ళని మాత్రమే చూస్తుంది. యూఎస్‌పీ (అమెరికా ఫార్మకోపియా) ఈ పదార్థం అస్సేని నీళ్ళూ ఆల్కహాలూ లేని బేసిస్ మీద లెక్కించమంటుంది. మీ 98.6 ఏ బేసిస్‌దో, దాన్లో ఇథనాల్ తీసేశారో లేదో సర్టిఫికెట్‌లో చూడండి.

లెక్క ఒకటి మొత్తంగా వేసి చూపిస్తాను. స్టాండర్డ్ 20.15 మి.గ్రా. తూచారు, పొటెన్సీ 98.6, నీళ్ళు 6.4. అసలు ఉప్పు 20.15 × 0.986 × 0.936 = 18.60 మి.గ్రా. లేబుల్ డెక్సామెథాసోన్ ఫాస్ఫేట్ లెక్కలో ఉంది కాబట్టి 472.45ని 516.40తో భాగించిన ఫ్యాక్టర్ 0.9149తో గుణిస్తే 17.01 మి.గ్రా. 100 మి.లీ.లో మి.లీ.కి 0.170. శాంపిల్ 2 మి.లీ.ని 50కి చేస్తే 0.16, రెండూ దగ్గరగా ఉంటాయి. ఇందులో నీళ్ళు మర్చిపోతే 99.0 రావలసింది 105.8 అవుతుంది. ఉప్పు ఫ్యాక్టర్ మర్చిపోతే 9 శాతం పైన తేడా. కొన్ని మోనోగ్రాఫ్‌లు (ఫార్మకోపియాలో ఒక్కో మందుకి ఉండే పరీక్షల పాఠాలు) ఇదే ఇంజెక్షన్‌కి సోడియం ఉప్పు బదులు డెక్సామెథాసోన్ ఫాస్ఫేట్ యాసిడ్‌నే స్టాండర్డ్‌గా చెప్తాయి, అప్పుడు ఆ ఫ్యాక్టర్ ఉండదు. ఆర్డర్ పెట్టేటప్పుడు కూడా చూసుకోవాలి: డెక్సామెథాసోన్, డెక్సామెథాసోన్ అసిటేట్, ఫాస్ఫేట్, సోడియం ఫాస్ఫేట్ అన్నీ వేర్వేరు వయల్స్.

బల్లార్షా కెమిస్ట్:

పర్లాకిమిడి సార్ తేమ సంగతి పూర్తిగా చెప్పిన్రు. మా దిక్కు చంద్రపూర్ జిల్లాల దీనికి ఉల్టా ఉంటది. ఎండకాలం ఎండ 45 దాటుతది, గాలిల తేమ 20 శాతం కూడా ఉండదు. అప్పుడు పొడి నీళ్ళు పట్టుడు కాదు, ఉన్న నీళ్ళు ఇడిచిపెడ్తది. మార్చిల తీసిన అంకె మేల చెల్లదు, అస్సే కిందికి పోతది. తేడా ఎటు పోతుందో ఊరిని బట్టి ఉంటది, తూచిన రోజే నీళ్ళు చూసుడు మాత్రం ఎక్కడైనా తప్పది.

ఎండకాలంల ఇంకో తిప్పల స్టాటిక్. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసోల్ ఇవన్నీ మైక్రనైజ్డ్ పొడులు. ప్లాస్టిక్ బోట్ల (తూచే చిన్న తొట్టిల) వేస్తే గోడలకు అంటుకుంటయి, స్పాచ్యులా దగ్గరికి తెస్తే ఎగుర్తయి. బ్యాలెన్స్ అంకె ఒకటే దిక్కు మెల్లగ జారుతుంటె గాలి అనుకోకుండ్రి, చాలాసార్లు స్టాటికే. గాజు బోట్‌గానీ అల్యూమినియం బోట్‌గానీ వాడుండ్రి. అయొనైజర్ ఉంటె మంచిదే, లేకుంటె బ్యాలెన్స్ గదిల తేమ 45–55 శాతం మధ్యల ఉంచుండ్రి. నైట్రైల్ గ్లౌజులతోని ఫ్లాస్క్‌ను రుద్ది తూచొద్దు.

20 మి.గ్రా. తూచుడు గురించి. యూఎస్‌పీ 41వ చాప్టర్ లెక్కల, బ్యాలెన్స్ ఎంత మంచిదైనా, కనీస బరువు రీడబిలిటీకి (బ్యాలెన్స్ చూపే అన్నిటికన్నా చిన్న అంకెకు) 820 రెట్లు. 0.01 మి.గ్రా. చూపే బ్యాలెన్స్‌కు 8.2 మి.గ్రా., 0.1 మి.గ్రా. చూపే దానికి 82 మి.గ్రా. నాలుగు దశాంశాల బ్యాలెన్స్ మాత్రమే ఉన్న ల్యాబ్ ఫార్మకోపియా వయల్ కొంటె ఒక్క తూకానికే చాలా వరకు ఖాళీ అయితది. మీ దగ్గర ఐదు దశాంశాలది ఉంది గనుక 20 మి.గ్రా. బరాబర్ సరిపోతది. కాని 8.2 అనేది బ్యాలెన్స్ ఊగకుంట ఉన్నప్పటి మాట. గది ఫ్యాన్ తిరుగుతుంటె, ఏసీ గాలి సీదా తగులుతుంటె తూకాల ఊగుడు పెరిగి కనీస బరువు 15, 20కి పోతది. పది తూకాలు తీసి స్టాండర్డ్ డీవియేషన్ చూసుకోండ్రి, దాన్ని 2000తోని గుణిస్తె మీ గదిల మీ కనీస బరువు వస్తది.

ట్యాబ్లెట్ల కోసం మామూలు డెక్సామెథాసోన్ వాడేటోళ్ళకు ఇంకొకటి. అది నీళ్ళల్ల కరగది, మిథనాల్‌ల కరిగించి డైల్యూట్ చెయ్యాలె. సోనికేటర్ నీళ్ళు వేడెక్కుతయి. మిథనాల్ ఒక్క డిగ్రీకి దగ్గర దగ్గర 0.12 శాతం ఉబ్బుతది, గది కన్నా 5 డిగ్రీలు ఎక్కువ వేడి మీద మార్క్ (ఫ్లాస్క్ గీత) వరకు పోస్తె 0.6 శాతం తప్పు. సోనికేటర్‌ల ఐస్ ముక్కలు వేసి 5 నిమిషాలు పెట్టుండ్రి, తర్వాత గది వేడికి వచ్చినంకనే మార్క్ వరకు పోయుండ్రి. స్టాండర్డ్, శాంపిల్ రెండూ ఒకటే వేడి మీద మార్క్ చేసుడు ముఖ్యం.

గుణుపురం ఫార్మసీ:

ఈ చర్చలోనే అడుగుతున్నానండి, వేరే పోస్టు ఎందుకని. మేము రాయగడ జిల్లాలో ఫార్మసీ విద్యార్థులకి ప్రాక్టికల్స్ చేయిస్తాం. సంతల్లో అమ్మే కీళ్ళనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపారో లేదో చూసే ప్రయోగం పెట్టాలనుంది. దానికి కూడా ఐపీ రిఫరెన్స్ సబ్‌స్టెన్స్ కావాలా? అలాగే బీటామెథాసోన్ వాలరేట్ క్రీమ్ స్టాండర్డ్ ద్రావణం పొద్దున చేసింది సాయంత్రానికి రెండో పీక్ చూపిస్తోంది, కారణం ఏమిటి?

పర్లాకిమిడి అనలిస్ట్:

మేడమ్ గానీ సార్ గానీ, రెండో దాని జవాబు చిన్నది కాబట్టి ముందు అదే చెప్తాను. వాలరేట్ గ్రూపు 17వ కార్బన్ మీద నుంచి 21వ దాని మీదికి జరుగుతోంది. న్యూట్రల్‌లో, ఆల్కలీలో అది వేగంగా జరుగుతుంది, ఆమ్లంలో బాగా నెమ్మదిస్తుంది. మిథనాల్‌లో 0.1 శాతం గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ కలిపి దాన్లోనే స్టాండర్డ్, శాంపిల్ రెండూ చేయండి, యాంబర్ ఫ్లాస్క్‌లో పెట్టి ఆ పూటే ఇంజెక్ట్ చేయండి. సబ్బుతో కడిగిన ఫ్లాస్క్‌లో మిగిలిన ఆల్కలీ కూడా ఈ పని చేస్తుంది, ఆఖరి కడుగు శుద్ధి చేసిన నీళ్ళతో, ఆపైన మిథనాల్‌తో ఉండాలి.

వెలుతురు సంగతి కూడా ఇక్కడే. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ మూడింటికీ ఏ-రింగులో రెండు డబుల్ బాండ్ల మధ్య కీటోన్ ఉంటుంది. 240 నానోమీటర్ల దగ్గర మనం కొలిచేది దాన్నే, వెలుతురుకి ముందు చెడేది కూడా అదే. కిటికీ పక్కన తెల్ల ఫ్లాస్క్‌లో మధ్యాహ్నం దాకా ఉంచిన పలచటి ద్రావణంతో అస్సే చేయొద్దు.

ఇక సంత పొడులు. ఉందా లేదా అని చూసేందుకు ఫార్మకోపియా స్టాండర్డ్ అక్కర్లేదు. నమ్మకమైన తయారీదారు నుంచి సర్టిఫికెట్‌తో వచ్చిన ముడిమందు చాలు. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, హైడ్రోకార్టిసోన్ ఒక్కోటి మిథనాల్‌లో మి.లీ.కి 1 మి.గ్రా. చొప్పున చేయండి. పొడి 1 గ్రాముకి 10 మి.లీ. మిథనాల్ పోసి 15 నిమిషాలు సోనికేట్ చేసి వడకట్టండి. సిలికా జెల్ జీఎఫ్ 254 ప్లేటు (టీఎల్‌సీ, అంటే పలుచటి పొర క్రొమాటోగ్రఫీ ప్లేటు) మీద 5 నుంచి 10 మైక్రోలీటర్ల చుక్క. మొబైల్ ఫేజ్ పాత స్టెరాయిడ్ పద్ధతిదే బాగా పనిచేస్తుంది: 77 పాళ్ళు డైక్లోరోమీథేన్, 15 పాళ్ళు ఈథర్ కలిపి, దాన్లో 8 పాళ్ళు మిథనాల్, 1.2 పాళ్ళు నీళ్ళు ముందే కలిపిన మిశ్రమం పోయాలి. విడివిడిగా పోస్తే నీళ్ళు వేరుపడతాయి. 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద నల్ల మచ్చలు చూసి, ఆల్కహాల్‌లో 20 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ చల్లి, 120 డిగ్రీల్లో 10 నిమిషాలు వేడిచేసి, మామూలు వెలుతురులోనూ 365 కిందా మళ్ళీ చూడండి. ఈథర్ ఉంది కాబట్టి దగ్గర్లో మంట, బర్నర్ ఏదీ ఉండకూడదు, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయించండి.

మూలిక పొడులకి ఒక ఖాళీ మూలిక శాంపిల్, ఆ ఖాళీ శాంపిల్‌లో స్టెరాయిడ్ కలిపిన ఇంకోటి కూడా ప్లేటు మీద పెట్టాలి. పసుపు, త్రిఫల లాంటి వాటి మచ్చలు స్టెరాయిడ్ ఎత్తులోనే రావచ్చు. బ్లూ టెట్రజోలియం స్ప్రే ఒక్కదాన్నే నమ్మొద్దు. అది 17వ కార్బన్ మీది కీటాల్ సైడ్ చెయిన్‌తో రంగు ఇస్తుంది నిజమే, బెల్లంలోని రెడ్యూసింగ్ షుగర్లూ, కరక్కాయ టానిన్లూ కూడా రంగు ఇస్తాయి.

డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ తేడా ప్లేటు మీద తేలదు. రెండూ ఒకే ఫార్ములా, మాలిక్యులర్ వెయిట్ 392.46, 16వ కార్బన్ మీది మిథైల్ ఒకదానిలో ఆల్ఫా, ఇంకోదానిలో బీటా. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కూడా రెండింటికీ 393 దగ్గరే అయాన్ వస్తుంది. సీ-18 కాలమ్ మీద ఎసిటోనైట్రైల్ తగ్గించి నెమ్మదిగా నడిపితే బీటామెథాసోన్ కాస్త ముందు వస్తుంది. రెండు స్టాండర్డ్లూ కలిపిన ద్రావణం ఇంజెక్ట్ చేసి, పీకులు బేస్‌లైన్ దాకా విడిపోయాక మాత్రమే ఫలానా స్టెరాయిడ్ అని పేరు పెట్టండి. కేసు అవసరమైతే మీ ప్లేటు చెల్లదు, ఇన్‌స్పెక్టర్ తీసిన శాంపిల్ మీద గవర్నమెంట్ అనలిస్ట్ రిపోర్టే చెల్లుతుంది. అనుమానం వస్తే జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పండి. ఆ పొడి నెలల తరబడి తిన్నవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే అడ్రినల్ గ్రంథి వెంటనే తేరుకోదు, ప్రాణం మీదికి రావచ్చు. మానేయమని విద్యార్థుల చేత ఊళ్ళో చెప్పించవద్దు, డాక్టర్ దగ్గరికే పంపండి.

బరంపురం క్యూసీ:

పర్లాకిమిడి సార్, సీసా గది వేడికి వచ్చాక మీరు చెప్పినట్టే వెయింగ్ బాటిల్‌తో కార్ల్ ఫిషర్ చేశాం. 9.1 శాతం వచ్చింది. ఆ అంకె పెట్టి లెక్కిస్తే ఆగస్టు 102.3 కాస్తా 99.3 అయింది. ఫ్రీ డెక్సామెథాసోన్ పీక్ ఏప్రిల్‌లో ఎంతో ఇప్పుడూ అంతే. ఇక ముందు 10 గ్రాముల సీసా వాడం. చిన్న వయల్స్‌లోకి మార్చాలంటే ఎలా చేయాలి, పొటెన్సీ మళ్ళీ ఇవ్వాలా? ఈ మధ్యలో ఇచ్చిన రిపోర్టుల సంగతేంటి?

పర్లాకిమిడి అనలిస్ట్:

99.1కీ 99.3కీ తేడా పద్ధతిలో మామూలుగా ఉండేదే, దాని వెంట పడొద్దు.

పాత సీసాని పంచొద్దు, తడిసిన పొడి వయల్‌కో రకంగా ఉంటుంది. కొత్త ముడిమందు లాట్ తీసుకోండి, శుద్ధత బాగా ఉన్నది. గ్లవ్ బ్యాగ్‌లో (గ్లౌజుల్లోంచి చేతులు పెట్టి పనిచేసే మూసిన సంచిలో) డ్రై నైట్రోజన్ వదిలి, లోపల హైగ్రోమీటర్ పెట్టి తేమ 30 శాతం కిందికి వచ్చాక పంచండి. బయట వాన పడుతున్న రోజైనా బ్యాగ్ లోపల సరిగ్గా ఉంటే ఫరవాలేదు. ఒక్కో యాంబర్ వయల్‌లో 60 నుంచి 80 మి.గ్రా. వేయండి. రెండు తూకాలకి, ఒక కూలోమెట్రిక్ నీళ్ళకి సరిపోతుంది, మిగిలింది పారేయడమే. బ్యూటైల్ రబ్బరు స్టాపర్, అల్యూమినియం క్రింప్ సీల్. స్క్రూ మూత ఈ ఊళ్ళకి పనికిరాదు. ఒక్కసారి తెరిచిన వయల్ మళ్ళీ ఫ్రిజ్‌లోకి పోకూడదు.

పొటెన్సీ పంచాక ఇవ్వాలి, ముందు కాదు. గుర్తింపు ఐఆర్‌తో (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్‌తో) మొదలుపెట్టండి. స్టాండర్డ్‌కీ లాట్‌కీ స్పెక్ట్రమ్ కలవకపోతే వెంటనే రిజెక్ట్ చేయొద్దు, స్టెరాయిడ్లలో క్రిస్టల్ రూపాలు వేరుండటం మామూలే. మోనోగ్రాఫ్ చెప్పిన సాల్వెంట్‌లో రెండింటినీ కరిగించి, ఆవిరి చేసి, మళ్ళీ తీయండి. అస్సేకి మొదట్లోవి, మధ్యలోవి, చివరివి కలిసేలా వయల్స్ ఏరి, ఇద్దరు అనలిస్టులు మూడేసి తూకాలు, ఫార్మకోపియా స్టాండర్డ్ కూడా వేర్వేరు తూకాలతో. ఆరు విలువల ఆర్‌ఎస్‌డీ 1.0 శాతం దాటకూడదు, ఇద్దరి సగటుల తేడా కూడా ఆ లోపే ఉండాలి. సగటుని ఉన్నది ఉన్నట్టు బేసిస్ మీద ఇవ్వండి. సీల్ చేసిన వయల్‌లో నీళ్ళు మారవు కాబట్టి రోజూ కార్ల్ ఫిషర్ పని తప్పుతుంది. ఆ నమ్మకం నిలవాలంటే మూడు నెలలకోసారి ఒక వయల్ తెరిచి నీళ్ళు చూడండి, పంచిన రోజు అంకెకి 0.5 శాతం దాటి తేడా వస్తే ఆ సెట్ అంతా ఆపేయండి. ఏడాదికి పూర్తి రీటెస్ట్.

మొదట్లో అడిగిన మాట: రోజువారీకి ఐపీ రిఫరెన్స్ సబ్‌స్టెన్స్ కొనక్కర్లేదు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నుంచి ఒకటి రెండు వయల్స్ తెప్పించి ఈ క్వాలిఫికేషన్‌కీ, వివాదం వచ్చిన శాంపిల్‌కీ ఉంచుకోండి. ఆర్డర్ ముందూ, వాడే ముందూ ఆ లాట్ ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో వాళ్ళ జాబితాలో చూడాలి. సిస్టమ్ సూటబిలిటీకి, పీక్ గుర్తింపుకి అమ్మే వయల్స్‌ని అస్సేకి వాడకూడదు, వాటికి కంటెంట్ విలువే ఉండదు. కొరియర్‌లో రెండ్రోజులు ఎండలో వచ్చిందని పొడిని తిప్పి పంపనక్కర్లేదు, సప్లయర్ ప్రయాణ ఉష్ణోగ్రత గురించి రాసిన కాగితం చూసి ఫైల్‌లో పెట్టండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ లాంటి తుఫాను వచ్చి కరెంటు రోజుల తరబడి పోయినా, సీల్ ఉన్న పొడి వయల్స్‌కి వేడి కన్నా తెరవడమే ఎక్కువ ప్రమాదం. ఫ్రిజ్ తలుపు మూసే ఉంచండి, ఉష్ణోగ్రత లాగర్ రికార్డు తీయండి, కరెంటు వచ్చాక ఒక వయల్‌కి నీళ్ళూ అస్సే చూసి మిగతావి వాడండి.

రిపోర్టుల విషయం. మార్చి 6.4కీ ఆగస్టు 9.1కీ మధ్య గీత గీసి, నెలనెలా ఇంత పెరిగి ఉంటుందని పాత ఫలితాల్ని సరిదిద్దొద్దు. కొలవని నీళ్ళు ఊహే, ఆడిటర్ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. డీవియేషన్ (పద్ధతి తప్పిన సంగతి చెప్పే రికార్డు) రాయండి, మార్చి తర్వాత ఆ సీసాతో ఇచ్చిన ప్రతి రిపోర్టు నంబరూ దాన్లో చేర్చండి, రిటెన్షన్ శాంపిల్స్ ఉన్నవన్నీ కొత్త స్టాండర్డ్‌తో మళ్ళీ చేయండి. 102, 103 వచ్చిన బ్యాచ్‌ల దగ్గర మొదలుపెట్టాలని అనిపిస్తుంది, కాని వాటితో రోగికి నష్టం లేదు, అవి నిజంగా 99, 100 ఉంటాయి. ఈ తప్పు ఫలితాన్ని పెంచి చూపే రకం. కింది పరిమితి 90 అనుకుంటే, ఆగస్టులో 91.0తో పాసైన బ్యాచ్ అసలు 88.4 అయి ఉండొచ్చు. జులై, ఆగస్టు రిపోర్టుల్లో 94 లోపు ఉన్నవి ముందు తీయండి. వాటికి మళ్ళీ టెస్ట్ పూర్తయ్యేదాకా ఆ బ్యాచ్ కదలకుండా ఆపమని తయారీదారుకి ఈరోజే రాతపూర్వకంగా చెప్పండి.